మీకు తెలుసా? మన ఇంట్లోకి వచ్చేసిన ఎర్ర నాచు!

శావల్యాపురంలో ఎటు చూసినా మిర్చి, పత్తి, వరి! సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక దాకా పోవాలి! అయినా సముద్రంలో పెరిగే ఎర్ర నాచు మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది! నమ్మరా? ఐస్‌క్రీమ్ డబ్బా వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాలు చదవండి. 407 అనే అంకె కనిపించిందా? అదే క్యారజీనన్! ఎర్ర నాచు నుంచి తీసిన చిక్కని పదార్థం! ఐస్‌క్రీమ్‌లో పాలు, నీళ్లు విడిపోకుండా చూసేది ఇదే!

వంటింట్లో!

చైనా గ్రాస్‌తో ఎప్పుడైనా పుడ్డింగ్ చేశారా? అయితే మీరు ఎర్ర నాచు తిన్నట్టే! నాచును ఉడికిస్తారు, వడగడతారు, ఎండబెడతారు. అంతే, అగర్ సిద్ధం! ప్యాకెట్ల మీద దీని అంకె 406! జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. అగర్ మాత్రం పక్కా శాకాహారం!

ఎంత అగర్ కావాలో తెలుసా? ఒక్క గ్రాము చాలు! అది 99 గ్రాముల నీటిని కదలకుండా గడ్డకట్టించేస్తుంది! మీరు చెంచాతో కోసుకుని తినే ఆ ముక్కలో దాదాపు అంతా నీళ్లే! పొడవాటి చక్కెర గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని వలలా ఏర్పడతాయి. నీళ్లన్నీ ఆ వలలోనే చిక్కుకుపోతాయి!

ఇంకో వింత! అగర్ గడ్డకట్టాలంటే 40 డిగ్రీల దిగువకు చల్లారితే చాలు. మళ్లీ కరగాలంటే? దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి! మే నెలలో రెంటచింతల ఎండలో పెట్టినా కరగదు! జెలటిన్ జెల్లీ అయితే అదే ఎండకు నీరుగారిపోతుంది!

అగర్‌ను కనిపెట్టింది ఏ శాస్త్రవేత్తో అనుకుంటున్నారా? కాదు! జపాన్‌లో ఓ సత్రం యజమాని! పేరు మినో తారోజెమోన్. మిగిలిపోయిన నాచు జెల్లీని చలికాలం రాత్రి బయట పారేశాడట. రాత్రి గడ్డకట్టింది, పగలు ఎండింది. ఉడికిస్తే మళ్లీ జెల్లీ అయింది! ఇది 1658 నాటి ముచ్చట అని జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు!

క్యారజీనన్ ఒకటే అనుకోకండి! ముఖ్యంగా 3 రకాలు! కప్పా గట్టిగా, పెళుసుగా గడ్డకడుతుంది. అయోటా మెత్తగా సాగుతుంది. ల్యామ్డా అసలు గడ్డే కట్టదు, చిక్కబరుస్తుంది అంతే! తేడా అంతా గంధకంలోనే ఉంది! గొలుసుకు ఎన్ని సల్ఫేట్ ముక్కలు అతుక్కుంటే గుణం అంత మారిపోతుంది. కొన్ని టూత్‌పేస్టులు ట్యూబులోంచి నీళ్లలా కారకుండా నిలబడేది కూడా దీని వల్లే!

ల్యాబులో!

నరసరావుపేటలో ఎప్పుడైనా యూరిన్ కల్చర్ పరీక్ష చేయించారా? మీ శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచింది అగర్ పళ్లెం మీదే! ఈ ఆలోచన ఇచ్చింది ఓ ఇల్లాలు! పేరు ఫ్యానీ హెస్సే. ఇంట్లో జెల్లీలకు తాను వాడే అగర్‌ను ల్యాబులో వాడి చూడమని భర్త వాల్తేర్ హెస్సేకు చెప్పింది. అది 1881! ఆ సలహాను లోకంలోని ల్యాబులన్నీ నేటికీ పాటిస్తున్నాయి!

వాల్తేర్ హెస్సే ఎవరి దగ్గర పనిచేశాడో తెలుసా? రాబర్ట్ కోచ్ దగ్గర! అంతకుముందు జెలటిన్ వాడితే వేడికి కరిగిపోయేది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేసేవి కూడా! అగర్‌ను చాలా సూక్ష్మజీవులు ముట్టుకోలేవు! మరుసటి ఏడాదే, 1882లో, క్షయ క్రిమిని కనిపెట్టానని కోచ్ ప్రకటించాడు. ఆ వ్యాసంలో అగర్ ప్రస్తావన కూడా ఉంది!

మీ తోటలో టిష్యూ కల్చర్ అరటి మొక్కలు నాటారా? అవి బాల్యంలో మట్టినే చూడలేదు! గాజు సీసాలో, అగర్ జెల్లీ మీద పెరిగాయి! లీటరు పోషక ద్రావణానికి సుమారు 8 గ్రాముల అగర్ కలుపుతారు. మొక్క నిలబడేంత గట్టి, వేరు దిగేంత మెత్తన!

నేరస్తుడిని పట్టించడంలో కూడా ఎర్ర నాచుకు వాటా ఉంది! అగర్‌ను శుద్ధి చేస్తే అగరోజ్ వస్తుంది. దాని జెల్లీలో కరెంటు పంపితే డీఎన్ఏ ముక్కలు పరుగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనుక! 1988లో హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మన దేశపు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. అప్పట్లో అలాంటి పరీక్షల్లో డీఎన్ఏ ముక్కలను వేరుచేసింది అగరోజ్ జెల్లీయే!

యుద్ధం వస్తే నాచుకు కూడా కరువే! రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ అగర్ ఆగిపోయింది. మిత్రదేశాల ల్యాబులకు దిక్కుతోచలేదు! వెంటనే సొంత తీరాల్లో వెతుకులాట మొదలైంది. న్యూజిలాండ్ 1943లో తన తీరపు ఎర్ర నాచుతోనే అగర్ తయారీ మొదలుపెట్టింది!

ఆ కరువు మళ్లీ వచ్చింది! ఈసారి యుద్ధం లేదు. మేలురకం అగర్‌కు కావాల్సిన జెలీడియం నాచు మొరాకో తీరంలో ఎక్కువ. అతిగా కోసేస్తున్నారని ఆ దేశం ఎగుమతులకు కళ్లెం వేసింది. 2015లో ప్రపంచమంతా ల్యాబు అగర్ ధర కొండెక్కింది!

రంగులో!

ఈ నాచు ఎందుకు ఎర్రగా ఉంటుంది? ఫైకోఎరిథ్రిన్ అనే ప్రొటీన్ వల్ల! సముద్రంలో కిందికి దిగేకొద్దీ ఎరుపు వెలుగు ముందే మాయమవుతుంది. నీలం, ఆకుపచ్చ మాత్రమే మిగులుతాయి. ఆ మిగిలిన వెలుగును ఒడిసిపట్టేదే ఈ ప్రొటీన్! అది ఎంత లోతు దాకా బతికిస్తుందో తెలుసా? బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతులో ఎర్ర నాచు దొరికింది! రెండు నాగార్జున సాగర్ డ్యాములను ఒకదానిపై ఒకటి నిలబెట్టినా అంత ఎత్తు రాదు!

ఈ రంగు ప్రొటీన్‌కు ఇంకో గుణం ఉంది. లేజర్ వెలుగు పడితే నారింజ రంగులో ధగధగా మెరుస్తుంది! 1982లో శాస్త్రవేత్తలు దాన్ని యాంటీబాడీలకు అతికించారు. అప్పటి నుంచి రక్తకణాల లెక్కే మారిపోయింది! హెచ్ఐవీ బాధితుల సీడీ4 కణాలను లెక్కించే యంత్రాల్లో మెరిసే రంగు చాలాసార్లు ఇదే!

ఎర్ర నాచును పొయ్యి మీద కాల్చితే ఏమవుతుంది? ఆకుపచ్చగా మారుతుంది! మంత్రం కాదు! సుమారు 60 డిగ్రీలు దాటితే ఎరుపు ప్రొటీన్ విరిగిపోవడం మొదలవుతుంది. అడుగున దాగిన పత్రహరితం బయటపడుతుంది. జపాన్‌వాళ్లు నోరి అనే ఎర్ర నాచు రేకులను నిప్పుపై కాల్చగానే అవి పచ్చబడటం ఇందుకే!

సముద్రపు కుందేలు గురించి విన్నారా? అది ఒక పెద్ద నత్త! ఎర్ర నాచు తింటుంది. అందులోని రంగును దొంగిలించి ఊదా సిరా తయారుచేసుకుంటుంది! శత్రువు వస్తే మొహాన చిమ్ముతుంది! పచ్చ నాచు మాత్రమే పెడితే? సిరా నిండుకుంటుంది! జ్ఞాపకశక్తి రహస్యాలు కనిపెట్టి 2000లో నోబెల్ అందుకున్న ఎరిక్ కాండెల్ ఎంచుకున్న ప్రాణి కూడా ఈ నత్తే!

యుద్ధంలో!

ఎర్ర నాచు పారిపోలేదు. ముళ్లు లేవు, కోరలు లేవు! అందుకే విషాలు వండుతుంది! సముద్రపు నీటిలోని బ్రోమిన్, క్లోరిన్‌లను లాక్కుని వాటితోనే ఆయుధాలు చేస్తుంది. లారెన్షియా అనే ఒక్క జాతి సమూహం నుంచే 1,000కి పైగా సమ్మేళనాలను శాస్త్రవేత్తలు వేరుచేశారు! దాని కణాల్లో చిన్న చిన్న సంచులు కూడా ఉంటాయి. ఆయుధాగారాలన్నమాట!

బ్యాక్టీరియా మాట్లాడుకుంటాయి తెలుసా? రసాయనాలతో సైగలు చేసుకుంటాయి! అన్నీ కూడబలుక్కుని ఒక్కసారి దాడి చేస్తాయి. ఆస్ట్రేలియా తీరంలో డెలీసియా అనే ఎర్ర నాచు ఆ మాటలనే ఆపేస్తుంది! దాని ఫ్యూరనోన్లు సైగ అందాల్సిన చోట ముందే తిష్ట వేస్తాయి. బ్యాక్టీరియా చావదు, ఏకం కాలేదు! 1996లో ఈ రహస్యం బయటపడింది!

హాలోమోన్! ఇది మరో అద్భుతం! పోర్టీరియా అనే ఎర్ర నాచులో దొరికింది. ఒక్క చిన్న అణువులో 5 హాలోజన్ పరమాణువులు! రెండు బ్రోమిన్, మూడు క్లోరిన్! 1992లో అమెరికా క్యాన్సర్ సంస్థ పరీక్షల్లో ఇది కొన్ని రకాల క్యాన్సర్ కణాలను ఏరి ఏరి చంపింది! ఇంకా మందుగా మారలేదు. కానీ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని మరచిపోలేదు!

ఫిజీ దీవుల్లో మరో ఎర్ర నాచు ఉంది. పేరు కాలోఫైకస్. దాని ఒంటి మీద కొన్ని చోట్ల తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చల దగ్గరే బూజు రోగాన్ని ఆపే రసాయనాలు పోగై ఉన్నాయని 2009లో తేలింది! ఎక్కడ అవసరమో అక్కడే మందు! పైగా అదే రసాయనాల కుటుంబం ల్యాబులో మలేరియా క్రిమిని కూడా చంపింది!

సముద్రపు గాలికి ఓ వాసన ఉంటుంది కదా? ఆ వాసన గుట్టు విప్పడంలో కూడా ఎర్ర నాచుదే ముందడుగు! 1948లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఫ్రెడరిక్ చాలెంజర్ బృందం పాలీసైఫోనియా నాచును పరిశీలించింది. అందులో గంధకం ఉన్న ఒక సమ్మేళనం దొరికింది. అది విరిగితే డైమిథైల్ సల్ఫైడ్ వాయువు! సముద్రపు వాసనలో ముఖ్య భాగం అదే!

మందుల్లో!

కడుపులో నులిపురుగులకు జపాన్‌లో ఒకప్పుడు ఏం తాగేవారో తెలుసా? డైజీనియా అనే ఎర్ర నాచు కషాయం! అందులోని మందు కైనిక్ ఆమ్లం అని 1953లో తేల్చారు. ఇప్పుడది మరో పనికి వస్తోంది! మెదడు పరిశోధకులు ఎలుకలకు మూర్ఛ తెప్పించి, మూర్ఛ మందులను పరీక్షించేది దీనితో కూడా!

దానికో తోబుట్టువు ఉంది. డొమోయిక్ ఆమ్లం! ఇదీ మొదట జపాన్ ఎర్ర నాచులోనే దొరికింది, ఇదీ పురుగులమందే! కానీ మోతాదు మించితే? 1987లో కెనడాలో ఆల్చిప్పలు తిన్న వంద మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరికి జ్ఞాపకశక్తే పోయింది! అక్కడ దాన్ని తయారుచేసింది ఎర్ర నాచు కాదు, కంటికి కనిపించని డయాటమ్ అనే సూక్ష్మజీవి! ఒకే అణువు, ఇద్దరు తయారీదారులు!

హెచ్ఐవీ వైరస్‌ను గుమ్మంలోనే ఆపేసే ప్రొటీన్ ఎక్కడ దొరికింది? న్యూజిలాండ్ ఎర్ర నాచు గ్రిఫిత్సియాలో! పేరు గ్రిఫిత్సిన్. దాని గొలుసులో ఉన్నవి 121 అమైనో ఆమ్లాలే! వైరస్ పైపొరలోని చక్కెరలను గట్టిగా పట్టేస్తుంది. ఇక వైరస్ కణంలోకి దూరలేదు!

మరి అంత ప్రొటీన్ కోసం ఎంత నాచు కోయాలి? కోయనక్కర్లేదు! శాస్త్రవేత్తలు ఆ జన్యువును పొగాకు కుటుంబపు మొక్కలో పెట్టారు! 2009లో ఒక గ్రీన్‌హౌస్ నుంచే 60 గ్రాములకు పైగా శుద్ధ గ్రిఫిత్సిన్ తీశారు. పొగాకు ఆకులో ప్రాణం కాపాడే సరుకు! గుంటూరు, ప్రకాశం రైతులు చెవిన వేసుకోవాల్సిన మాట!

ఐస్‌క్రీమ్‌లోని క్యారజీనన్‌కు మరో ముఖం ఉంది! గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను అది ల్యాబులో అడ్డుకుంది. హెపారిన్ అనే మందు కంటే 1,000 రెట్లు బలంగా! 2006లో ఈ ఫలితం చూసి పరిశోధకులే ఆశ్చర్యపోయారు. అయితే ఒక్క మాట! టీకాకు ఇది బదులు కాదు. మీ ఆడపిల్లలకు టీకా వేయించడం మానకండి!

బీఫార్మసీ చదివే మీ పిల్లలను అడగండి. ఎలుక పాదం వాపు ప్రయోగం తెలియనివారు ఉండరు! పాదంలో కొంచెం క్యారజీనన్ ఎక్కిస్తారు. వాపు వస్తుంది. మందు ఇస్తే ఎంత తగ్గిందో కొలుస్తారు. 1962లో మొదలైన ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది! నొప్పి, వాపు మాత్రలెన్నో ఈ పరీక్ష దాటాకే మన దాకా వచ్చాయి!

మన ఒంట్లో జ్వరం, నొప్పి, పురిటినొప్పులు నడిపించే రసాయనం ప్రోస్టాగ్లాండిన్ ఈ2. ఆసుపత్రిలో కాన్పు మొదలవడానికి పెట్టే జెల్‌లో ఉండేది అదే! అదే అణువు ఎర్ర నాచు గ్రాసిలేరియాలో దొరికిందని 1979లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు! నాచుకు కాన్పు లేదు, జ్వరం లేదు! అయినా అణువు మాత్రం అచ్చంగా అదే!

కానీ జాగ్రత్త! తీరంలో కనిపించిన నాచల్లా తినకూడదు! 1991లో గువామ్ దీవిలో గ్రాసిలేరియా జాతి నాచు తిన్న 13 మంది జబ్బుపడ్డారు. వారిలో ముగ్గురు కన్నుమూశారు! ఏళ్ల తరబడి తిన్న నాచే ఆ రోజు విషమైంది. అందులో దొరికిన విషం పేరు పాలీకావర్నోసైడ్!

పొలంలో, పాకలో!

మిర్చి రైతులూ, ఇది మీకోసం! పురుగుమందుల షాపులో సాగరిక సీసా చూశారా? ఇఫ్కో అమ్మే ఆ మందులో ఉన్నది సముద్ర నాచే! ఎర్ర, గోధుమ నాచుల సారం 28 శాతం! సాంకేతికత మన దేశానిదే, గుజరాత్‌లోని భావ్‌నగర్ ప్రభుత్వ పరిశోధన సంస్థది! రామేశ్వరం వైపు సముద్రంలో పెరిగే నాచు రసం పల్నాడు మిర్చి తోట మీద పడుతోందంటే వింత కాదూ!

ఆ ఎర్ర నాచు పేరు కప్పాఫైకస్. దాని పంట ఎన్నాళ్లో తెలుసా? కేవలం 45 రోజులు! దున్నక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు! వెదురు తెప్పకు ముక్కలు కట్టి సముద్రంలో వదులుతారు. తమిళనాడు మండపం తీరంలో ఎందరో ఆడవాళ్లకు ఇదే జీవనాధారం!

అయితే ఈ పంటకు కట్టుబాటు కావాలి! కప్పాఫైకస్ మన సముద్రపు మొక్క కాదు, బయటి నుంచి తెచ్చింది. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడాల మీదికి అది పాకిందని 2008లో పరిశోధకులు హెచ్చరించారు! పంట పండించాలి, పగడాన్నీ కాపాడాలి!

గేదె నెమరువేస్తూ తేన్చుతుంది. ఆ తేన్పులో మీథేన్! భూమిని వేడెక్కించే వాయువు! ఆస్పరాగోప్సిస్ అనే ఎర్ర నాచును కొంచెం దాణాలో కలిపితే? 2021లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్ల మీద చేసిన పరీక్షలో మీథేన్ 80 శాతానికి పైగా తగ్గింది! పనిచేసింది నాచులోని బ్రోమోఫార్మ్. అది పాలలోకి, ఒంట్లోకి ఎంత చేరుతుందో ఇంకా గట్టిగా పరీక్షిస్తున్నారు. అంతవరకూ మన గేదెకు మన గడ్డే మేలు!

కేంద్రం కూడా నాచు మీద కన్నేసింది! 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక్క సముద్ర నాచు కోసమే 640 కోట్ల రూపాయలు కేటాయించారు! చేపలు, రొయ్యల పక్కన నాచుకు కూడా పీట వేశారన్నమాట!

రాయిలో!

పిడుగురాళ్ల సున్నపురాయి తెలుసు కదా? అందులోని కాల్షియం కార్బొనేట్‌నే కొన్ని ఎర్ర నాచులు తమ ఒంట్లో తయారుచేసుకుంటాయి! ముట్టుకుంటే రాయే! చెట్టు కాండంలాగే వాటిలో ఏటేటా ఓ పొర పెరుగుతుంది. ఉత్తర ధ్రువం వైపు దొరికిన అలాంటి నాచు పొరలు చదివి 646 ఏళ్ల సముద్రపు మంచు చరిత్రను 2013లో రాశారు!

ఆ రాతి నాచు ఎముకగా కూడా మారుతుంది! దాన్ని శుద్ధి చేసి, రసాయన చర్యతో ఎముకలోని ఖనిజంగా మారుస్తారు. పన్ను ఊడి దవడ ఎముక తరిగిపోయినవారికి అక్కడ నింపుతారు. 1988 నుంచే దంతవైద్యులు దీన్ని వాడుతున్నారు! నాచులోని సన్నని రంధ్రాల్లోకి కొత్త ఎముక పాకుతుంది!

సముద్రపు నత్త పిల్లలు నీళ్లలో తేలుతూ ఇల్లు వెతుక్కుంటాయి. ఎక్కడ దిగాలో వాటికి ఎవరు చెబుతారు? రాతి ఎర్ర నాచే! అబలోన్ నత్త పిల్లలను పిలిచేది గాబా అనే రసాయనం లాంటిదని 1979లో కనుగొన్నారు. మన మెదడును శాంతపరిచేది కూడా గాబానే!

ఈ నాచుల వంశం ఎంత పాతదో ఊహించండి! మన దేశంలోని చిత్రకూట్ రాళ్లలో ఎర్ర నాచును పోలిన శిలాజాలు దొరికాయి. వయసు 160 కోట్ల ఏళ్లు! 2017లో ఈ వార్త విని ప్రపంచ శాస్త్రవేత్తలు చిత్రకూట్ వైపు తిరిగి చూశారు!

పళ్లెంలో!

మాంసం ముట్టనివారికి బీ12 విటమిన్ కొరత మామూలే. ఎండబెట్టిన నోరి నాచులో బీ12 దండిగా ఉంటుంది! సుమారు 4 గ్రాములు తింటే పెద్దవారికి ఆ రోజుకు సరిపోతుందని జపాన్ పరిశోధకుల లెక్క! అయితే డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం మానకండి!

నోరి తిని తిని జపాన్‌వాళ్ల పేగుల్లోనే మార్పు వచ్చింది! ఎర్ర నాచు చక్కెరను అరిగించే జన్యువు సముద్రపు బ్యాక్టీరియా నుంచి వారి పేగు బ్యాక్టీరియాకు దూకింది! 2010లో ఈ సంగతి బయటపడింది. పోల్చి చూసిన అమెరికావాసుల్లో ఆ జన్యువు కనిపించనే లేదు! మనం తినేదాన్ని బట్టి పేగులోని ప్రాణులూ మారతాయన్నమాట!

నోరి సాగును నిలబెట్టింది జపాన్‌ను ఎన్నడూ చూడని ఓ ఇంగ్లండ్ శాస్త్రవేత్త! పేరు క్యాథ్లీన్ డ్రూ బేకర్. ఈ నాచు తన జీవితంలో కొంత కాలం గవ్వ పెంకుల్లో దాక్కుని గడుపుతుందని 1949లో ఆమె కనిపెట్టింది! విత్తనం గుట్టు తెలిసింది, సాగు పుంజుకుంది! జపాన్‌లో ఆమెకు స్మారకం కట్టి ఏటా పూజ చేస్తున్నారు!

మన తీరంలో!

ఆ నోరి తోబుట్టువు మన విశాఖ రాళ్ల మీదే పెరుగుతుందని తెలుసా? పేరు పోర్ఫైరా! దానితోపాటు గ్రాసిలేరియా, హిప్నియా, గ్రాటెలూపియా, రాతి నాచు ఆంఫిరోవా కూడా! 1964లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరపు నాచుల మీద రాసిన వ్యాసం బ్రిటన్ జర్నల్‌లో అచ్చయింది! ఏ నాచు ఏ ఎత్తులో, ఏ నెలలో పెరుగుతుందో మనవాళ్లు అప్పుడే లెక్కగట్టారు!

ఎండలో రాయి మీద అతుక్కుని ఉండే పోర్ఫైరా మాడిపోదెందుకు? దాని దగ్గర సొంత సన్‌స్క్రీన్ ఉంది! పేరు పోర్ఫైరా-334! 334 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను అది గట్టిగా పీల్చేస్తుంది. అందుకే ఆ అంకె! ఈ కుటుంబపు రసాయనాలతో ఇప్పుడు ముఖానికి రాసుకునే క్రీములు కూడా వస్తున్నాయి!

ఎర్ర నాచుల్లో గుర్తించిన జాతులే 7,000కు పైగా ఉన్నాయి! రసాయనాల కోసం లోతుగా చూసినవి వాటిలో కొన్నే! పల్నాడు బడుల్లోని సైన్స్ టీచర్లకు ఒక విన్నపం. ఈసారి పిల్లలను విశాఖ యాత్రకు తీసుకెళితే, పోటు తగ్గిన వేళ చూసి రాళ్ల దగ్గరికి నడిపించండి. ఎర్ర నాచు చూపించండి. చూడనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి. పీకనివ్వకండి! వారిలో ఒక్కరు కెమిస్ట్రీ వైపు వెళ్లినా మన తీరం రహస్యాలు మనవాళ్ల చేతే బయటపడతాయి!